అక్కా, ఎకాలజీ కన్సల్టెన్సీలో ఎలా చేరాలి?

ఎమ్మెస్సీ రిజల్ట్స్ వచ్చే రోజుల్లో నాకు ఇలాంటి మెసేజ్‌లు వరసపెట్టి వస్తాయి. "అక్కా, బాటనీ అయిపోయింది, కన్సల్టెన్సీల్లో ఎకాలజీ సైడు ట్రై చేద్దామనుకుంటున్నా, ఎక్కడికెళ్లినా ఎక్స్‌పీరియన్స్ ఉందా అంటున్నారు, ఉద్యోగం ఇవ్వకుండా ఎక్స్‌పీరియన్స్ ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?" న్యాయమైన ప్రశ్నే. ఒక్కొక్కరికీ విడివిడిగా వాయిస్ నోట్ పంపే ఓపిక అయిపోయింది కాబట్టి తెలిసినదంతా ఇక్కడ పెడుతున్నా. కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

ముందు ఈ పని ఏంటో సూటిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది పులులు, కెమెరా ట్రాప్‌లు ఊహించుకుని వస్తారు. మన రెండు రాష్ట్రాల్లో ఎకాలజీ కన్సల్టెన్సీ అంటే నూటికి తొంభై పాళ్లు ఈఐఏ పనే, అంటే 2006 సెప్టెంబర్ 14న వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఏ గనికో, సిమెంట్ ఫ్యాక్టరీకో, ఫార్మా యూనిట్‌కో, పోర్టుకో పర్యావరణ అనుమతి కావాలంటే ముందుగా చేయాల్సిన అధ్యయనం. ప్రాజెక్టు చుట్టూ మామూలుగా 10 కిలోమీటర్ల మేర గాలి, నీళ్లు, శబ్దం, నేల, జనం, వీటితోపాటు చెట్టూ పుట్టా పిట్టా కూడా చూడాలి. ఆ చివరిది మన వాటా. రిపోర్టులు రాసే సంస్థలకి క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద ఉన్న నాబెట్ గుర్తింపు ఉండాలి, ఒక్కో విభాగానికీ వాళ్లు ఒప్పుకున్న నిపుణులుండాలి. ఎకాలజీ అండ్ బయోడైవర్సిటీకి కూడా అలాగే ఒకరుంటారు, ఆఫీసుల్లో ఆ పోస్టుని 'ఈబీ' అని పిలుస్తారు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ ఈబీ సార్ కిందనో మేడమ్ కిందనో పనిచేస్తారు. సంతకం వాళ్లది, ఎండ మనది.

కాబట్టి నా మొదటి మాట ఏంటంటే, కంపెనీ పేరు చూడకండి, ఆ ఈబీ ఎవరో చూడండి. ఆయన ఫీల్డుకి వస్తాడా, లేక హైదరాబాద్‌లో ఏసీలో కూర్చుని "ఆ జిల్లా లిస్టు మన దగ్గర ఉందిగా, పేర్లు మార్చు" అంటాడా అన్నదాని మీదే మీ మొదటి రెండేళ్లు ఆధారపడి ఉంటాయి. ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా అడిగేయండి: సార్, పోయిన సీజన్‌లో సర్వే ఎక్కడ చేశారు, ఎన్ని ప్లాట్లు (మొక్కల్ని లెక్కపెట్టడానికి కొలిచి గీసుకునే చదరాలు) వేశారు, ఆ డేటా షీట్లు చూడొచ్చా? నిజంగా చేసినవాళ్లు ఈ ప్రశ్నకి సంతోషపడతారు, గంటసేపు కథలు చెప్తారు. చేయనివాళ్లకి కోపం వస్తుంది. ఆ కోపమే మీకు కావాల్సిన జవాబు.

నేను మొదట చేరిన చోట (పేరు అనవసరం, ఇప్పటికీ నడుస్తోంది) ఫైల్ సర్వర్‌లో 'ఫ్లోరా ఫైనల్' అని ఒక ఎక్సెల్ ఉండేది. లోపలెక్కడో ఉన్న సున్నపురాయి గనికీ, సముద్రం పక్కన జెట్టీకీ అదే ఎక్సెల్. తాండూరు వైపు గని లిస్టులో ఉప్పునేలల్లో మాత్రమే పెరిగే మొక్క కనిపిస్తే ఏం చేయాలి అని అడిగితే, ఎవరు చదువుతారమ్మా అన్నారు. చదువుతారు. రత్నగిరి జిల్లాలో బాక్సైట్ గని కోసం తయారైన ఒక ఈఐఏ రిపోర్టులో రష్యాలోని గని రిపోర్టు పేరాలకి పేరాలు తేలిన సంగతి ఈ రంగంలో అందరికీ తెలుసు. కొంకణ్‌లో స్ప్రూస్, బర్చ్ చెట్లు! అది పట్టుకున్నది ప్రభుత్వం కాదు, రిపోర్టు శ్రద్ధగా చదివిన బయటివాళ్లు.

కాపీ రిపోర్టు పట్టుకోవడానికి ఒక చిట్కా చెప్తా, ఇంటర్వ్యూకి వెళ్లేముందు పనికొస్తుంది. పర్యావరణ అనుమతుల కోసం కేంద్రం నడిపే పరివేష్ పోర్టల్‌లో ఆ సంస్థ చేసిన రిపోర్టులు వెతికి బయోడైవర్సిటీ చాప్టర్ తెరవండి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, ఏ జీవికి ఎంత రక్షణో చెప్పే ఆరు షెడ్యూళ్లు నాలుగయ్యాయి, చాలా జీవులు పై షెడ్యూల్‌లోకి వెళ్లాయి. ఆ తర్వాత రాసిన రిపోర్టులో కూడా కాకి పక్కన 'షెడ్యూల్ 5' అని ఉందంటే ఆ టేబుల్‌ని ఎవరూ ముట్టుకోలేదని అర్థం. ఎందుకంటే షెడ్యూల్ 5 అనేదే ఇప్పుడు లేదు.

ఇప్పుడు అసలు విషయం, ఎక్స్‌పీరియన్స్. కన్సల్టెన్సీవాళ్లు ఎక్స్‌పీరియన్స్ అన్నప్పుడు వాళ్లకి సర్టిఫికెట్ కంటే కావాల్సింది ఒకటే: మిమ్మల్ని ఒక డ్రైవర్‌తో, ఒక జీపీఎస్‌తో ఊరుకాని ఊరు పంపితే సాయంత్రానికి నమ్మదగిన షీట్ తెస్తారా లేదా. అది ఉద్యోగం లేకుండానే నేర్చుకోవచ్చు.

ప్లాట్ వేయడం ఎలా ఉంటుందో ఒకసారి చెప్తా. దాచేపల్లి వైపు సున్నపురాయి నేలలు, మార్చి నెల, ఉదయం ఎనిమిదికే రాయి వేడెక్కిపోతుంది. 10 మీటర్లు బై 10 మీటర్లు తాడు పట్టుకుని నాలుగు మూలలా కర్రలు పాతాలి, అది చెట్లకి. దాని లోపల 5 బై 5 పొదలకి, 1 బై 1 గడ్డీ గాదం మొక్కలకి. ప్రతి చెట్టుకీ నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో టేపు చుట్టి చుట్టుకొలత రాసుకోవాలి. వినడానికి తేలికే. ఆ ఎత్తులో సరిగ్గా చెట్టు రెండు కొమ్మలుగా చీలి ఉంటుంది చూడండి, అప్పుడు మొదలవుతుంది టీమ్‌లో చర్చ. సర్కారు తుమ్మ అయితే మొదట్లోనే పది కొమ్మలు, టేపు పెట్టాలంటే చేతులు చీరుకుపోతాయి. మొదటి ప్లాట్‌కి గంటన్నర పడుతుంది, అలవాటయ్యాక ఇరవై ఐదు నిమిషాల్లో లేస్తారు. ఈ పని మీ కాలేజీ వెనక ఖాళీ స్థలంలో, మీ ఊరి గుట్ట మీద, ఎవరినీ అడగకుండా చేసుకోవచ్చు. నాలుగైదు చోట్ల ప్లాట్లు వేసి, డేటా ఎక్సెల్‌లో పెట్టి, షానన్ ఇండెక్స్ (ఆ చోట వైవిధ్యం ఎంతో చెప్పే అంకె) లెక్కగట్టి, క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో మ్యాప్ చేసి రెండు పేజీలు రాస్తే, అది ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్ల బొత్తి కంటే చాలా నయం. క్యూజీఐఎస్ ఉచితమే.

గుర్తుపట్టడం మాత్రం పుస్తకంతో రాదు, మనిషి పక్కన నిలబడి నేర్పాలి. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు చెట్టునీ, కొడిశపాలనీ తీసుకోండి. రెండూ పాలు కారతాయి, రెండూ తెల్లగా పూస్తాయి, ఆకు చూసి చెప్పమంటే ఎమ్మెస్సీ గోల్డ్ మెడలిస్టులు కూడా తడబడతారు. కాయ చూస్తే తేలిపోతుంది: అంకుడుకి జంట కాయలు కొసల దగ్గర అతుక్కుని వేలాడతాయి, కొడిశపాలకి విడివిడిగా సన్నగా కిందికి దిగి ఉంటాయి. ఇది నాకు ప్రొఫెసర్ చెప్పలేదు, మేకల కాపరి చెప్పాడు. "ఏమ్మా, ఆ చెట్టు పేరు రాసుకుంటన్నావా, కాయ సూసి రాసుకో" అని. అప్పట్నుంచి ఏ ఊరెళ్లినా ముందు కాపర్లని పట్టుకుంటా. కడప లంకమల వైపు కలివికోడి, ఇక లేదని అందరూ అనుకున్న పక్షి, 1986లో మళ్లీ దొరికింది కూడా ఐతన్న అనే స్థానికుడి చేతికే. నక్షత్రాల్లాంటి శాస్త్రవేత్తలు వెతుకుతున్న పక్షిని రాత్రిపూట టార్చి వేసి పట్టుకొచ్చాడు. ఫీల్డ్ బాటనీ తెలిసిన సీనియర్ మాస్టార్లు మన యూనివర్సిటీల్లో ఇంకా ఉన్నారు, రిటైరైనవాళ్లయితే ఇంకా మంచిది, వాళ్లకి తీరికుంటుంది. వెళ్లి సార్ మీతో ఒక్కసారి అడవికొస్తా అంటే కాదనేవాళ్లు తక్కువ. హైదరాబాద్‌లో ఉంటే అత్తాపూర్‌లో బొటానికల్ సర్వే, జూలాజికల్ సర్వే ప్రాంతీయ కేంద్రాలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి, అనుమతి అడిగి హెర్బేరియం షీట్లు (ఎండబెట్టి అతికించిన మొక్కల నమూనాలు) చూడండి. ప్రాజెక్ట్ అసిస్టెంట్ నోటిఫికేషన్లు కూడా అలాంటిచోట్ల పడుతుంటాయి, జీతం చిన్నదే అయినా అక్కడ పనిచేసినవాళ్లు గుర్తింపులో గట్టిగా తయారవుతారు.

పక్షులది ఇంకా సులువు. చూసిన పక్షుల్ని నమోదు చేసే ఈబర్డ్ సైట్‌లో ఖాతా తెరిచి క్రమం తప్పకుండా చెక్‌లిస్టులు వేయండి. అమీన్‌పూర్ చెరువు (2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, అక్కడి పరిస్థితి మీద మాత్రం నన్ను మాట్లాడించకండి), మంజీరా, గుంటూరు పక్కన ఉప్పలపాడు, నెల్లూరు వైపైతే నేలపట్టు, పులికాట్, మీకు ఏది దగ్గరైతే అది. ప్రతి జనవరిలో ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ జరుగుతుంది, 1987 నుంచీ ఉంది, చెరువుల్లో నీటిపక్షుల్ని లెక్కపెట్టే పని, డబ్బులిచ్చేదీ లేదు తీసుకునేదీ లేదు. అక్కడ కలిసేవాళ్లలోనే రేపు మీకు ఫోన్ చేసి "వారం రోజుల సర్వే ఉంది, వస్తావా" అని అడిగేవాళ్లుంటారు. ఈ రంగంలో సగం పనులు ప్రకటనలతో కాదు, అలాంటి ఫోన్లతోనే దొరుకుతాయి. నాలుగేళ్లకోసారి జరిగే పులుల గణనలో కూడా కొన్నిచోట్ల వాలంటీర్లని తీసుకుంటారు. పులి కనపడదు, ఆ ఆశ వదులుకోండి. కానీ 2 కిలోమీటర్ల ట్రాన్సెక్ట్ (ముందే గీసుకున్న తిన్నని దారి) నిశ్శబ్దంగా నడిచి దుప్పినో కణుజునో చూసి దూరం, కోణం రాసుకోవడం, పెంటికలు లెక్కపెట్టడం, ప్లాట్ వేయడం, ఇవన్నీ అటవీశాఖ సిబ్బందే నేర్పిస్తారు. ఇంతకన్నా మంచి ఉచిత ట్రైనింగ్ నాకైతే తెలీదు.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మెర్లిన్ యాప్ కూత విని పేరు చెప్పిందని అలాగే రిపోర్టులో ఎక్కించకూడదు. యాప్ చెప్పింది, నేను చూశాను, ఊరివాళ్లు చెప్పారు, ఈ మూడూ వేరువేరు కాలమ్స్. మీ నోట్‌బుక్‌లో మొదటి రోజు నుంచే అలా విడిగా రాసుకుంటే ఆ అలవాటే మిమ్మల్ని కాపాడుతుంది. ప్రాజెక్టు మీద జరిగే ప్రజాభిప్రాయ సేకరణలో ఒక పెద్దాయన లేచి "మా పొలంలో రోజూ నెమళ్లు తిరుగుతాయి, మీ పుస్తకంలో ఒక్కటీ లేదేంటి?" అని మైకులో అడిగినప్పుడు కలెక్టరేట్ నుంచి వచ్చిన అధికారి మొహం మనవైపే తిరుగుతుంది. ఏ తేదీన, ఏ దారిలో, ఎన్నింటికి నడిచామో చూపించగలగాలి. నెమలి షెడ్యూల్ 1 పక్షి, అది ఉందని రాస్తే దాని సంరక్షణ ప్రణాళిక, దానికి బడ్జెట్, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఆమోదం, ఇన్ని కావాలి. అందుకే నెమళ్లు ఊళ్లో ఉంటాయి, రిపోర్టుల్లో మాయమైపోతాయి. ఉడుముది కూడా అదే కథ. "చూసినదాన్ని తీసెయ్యి" అని ఎవరైనా అంటే మెయిల్‌లో రాసివ్వమనండి. రాయరు. మీ షీట్ మాత్రం మీరు మార్చకండి.

సీజన్ సంగతి. చాలా ప్రాజెక్టులకి వర్షాకాలం కాని ఒక సీజన్ డేటా సరిపోతుంది, కాబట్టి సర్వేలన్నీ మార్చి నుంచి మే దాకా, లేదంటే చలికాలంలో పడతాయి. దాని ఫలితం ఏంటంటే, ఏప్రిల్‌లో అనంతపురం నేల మీద కప్ప ఉండదు, వానకి మొలిచి నెలన్నరలో ఎండిపోయే మొక్కలుండవు, వాటి మీద ఆధారపడ్డ పురుగులూ ఉండవు. రిపోర్టు చదివితే అక్కడ అవి పుట్టనే లేదనిపిస్తుంది. కొత్తవాళ్లు ఇదే అదనుగా తీసుకోవాలి. జులై, ఆగస్టుల్లో ఆఫీసులో ఫీల్డ్ తక్కువగా ఉంటుంది, అప్పుడు మీ సొంతంగా తిరగండి. రాత్రిపూట కుంటల దగ్గర కప్పల అరుపులు రికార్డ్ చేసుకోండి, గడ్డి జాతులు నేర్చుకోండి. గడ్డి గుర్తుపట్టగలిగినవాళ్లు మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది, గడ్డిమైదానాలని బంజరు అని రాసేసే రిపోర్టులు మాత్రం వందలు. ఆ ఒక్క విద్య ఉంటే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు.

ఈఐఏ కాకుండా ఇంకో దారి ఉంది, నిజానికి నేను ఎక్కువ నేర్చుకున్నది అక్కడే: గాలిమరలు. విండ్‌కీ సోలార్‌కీ 2006 నోటిఫికేషన్ కింద ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదు. కానీ విదేశీ బ్యాంకుల నుంచి అప్పు తెచ్చుకుంటే వాళ్లు ఊరుకోరు, ప్రపంచ బ్యాంకు గ్రూపులోని ఐఎఫ్‌సీ పెట్టిన పెర్ఫార్మెన్స్ స్టాండర్డ్ 6 ప్రకారం బయోడైవర్సిటీ స్టడీ చేయమంటారు, వర్షాకాలం కూడా కలిపి. చట్టం అడగనిది అప్పిచ్చేవాడు అడుగుతాడు, విచిత్రం. అందుకే రాయలసీమలో, ఉరవకొండ, కళ్యాణదుర్గం వైపు ఫీల్డ్ అసిస్టెంట్ల అవసరం పడుతూ ఉంటుంది. పని ఏంటంటే ఒక గుట్ట మీద గంటల తరబడి కూర్చుని వెళ్లే ప్రతి గద్దనీ రాసుకోవాలి: ఏ జాతి, ఎన్ని, ఎటు నుంచి ఎటు, గాలిమర రెక్క తిరిగే ఎత్తుకి కిందా, సరిగ్గా ఆ ఎత్తులోనా, పైనా. చలికాలంలో హారియర్లు (ఒక రకం వలస గద్దలు) వస్తాయి, దూరం నుంచి ఆడవాటిని విడదీయడం నరకం. బైనాక్యులర్ 8 బై 42 సరిపోతుంది, దాని మీద మాత్రం పీనాసితనం చేయకండి.

మరలు తిరగడం మొదలయ్యాక కళేబరాల సర్వే ఉంటుంది, అంటే వాటివల్ల చచ్చిపడ్డ పక్షుల్నీ గబ్బిలాల్నీ వెతకడం. స్తంభం చుట్టూ వరసలు వరసలుగా నేల చూస్తూ నడవాలి. దొరికేది చాలాసార్లు మొత్తం పక్షి కాదు, నాలుగు ఈకలు, ఒక రెక్క, లేదా అరచేతిలో పట్టే గబ్బిలం, ఒంటి మీద గాయమే కనిపించదు. రాత్రి పడింది తెల్లారేసరికి కుక్కలో నక్కలో ఎత్తుకుపోతాయి, కాబట్టి దొరికినవి మాత్రమే లెక్కపెడితే లెక్క తప్పు. అందుకని ముందే కొన్ని కళేబరాలు పెట్టి ఎన్ని రోజులు మిగులుతాయో చూస్తారు, మనకి తెలియకుండా కొన్ని దాచి మనం ఎన్ని కనుక్కుంటామో కూడా చూస్తారు. మన కళ్లకి కూడా ఒక మార్కు ఉంటుందన్నమాట. ఈ లెక్కలు అర్థమైన ఫ్రెషర్ నా దగ్గరికి ఇంటర్వ్యూకి వస్తే నేను ఇంకేం అడగను.

అమ్మాయిలు అడిగేవి వేరే ఉంటాయి, వాటిని ఎవరూ రాయరు కాబట్టి రాస్తున్నా. ఇంకో మనిషి లేకుండా ఒంటరిగా ఫీల్డుకి వెళ్లనని మొదటి రోజే చెప్పేయండి, అది భయం కాదు, మగవాళ్లకైనా అదే రూలు ఉండాలి, పాము కరిస్తే మోసుకెళ్లడానికి మనిషి కావాలి కదా. దగ్గర్లో యాంటీవెనమ్ ఉన్న ఆసుపత్రి ఏదో బయల్దేరే ముందే కనుక్కోండి. బాత్రూమ్ విషయంలో పెట్రోల్ బంకులూ, ఊళ్లో స్కూళ్లూ, ఇంకా నయం అనుకుంటే ఎవరో ఒక అమ్మ ఇల్లు. నీళ్లు తాగడం మానేసి వడదెబ్బ తెచ్చుకున్నవాళ్లని చూశాను, అది మాత్రం చేయకండి. లాడ్జి బుకింగ్ ఆఫీసు చేత చేయించండి. రిజర్వ్ ఫారెస్ట్‌లోకి డీఎఫ్‌ఓ (అటవీశాఖ అధికారి) అనుమతి లేకుండా అడుగుపెట్టమంటే కుదరదని చెప్పండి, ఏదైనా జరిగితే కేసు మీ పేరు మీద పడుతుంది, కంపెనీ పేరు మీద కాదు.

యూకేలో ఎమ్మెస్సీ చేస్తున్న మనవాళ్లు కూడా అడుగుతున్నారు. అక్కడ లోకం వేరు: ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా సీజనల్ ఉద్యోగాలు, గబ్బిలాల కోసం సాయంత్రాలు ఇళ్ల ముందు నిలబడటం, జాతికో లైసెన్సు. ఇంగ్లండ్‌లో 2024 ఫిబ్రవరి నుంచి బిల్డర్లు చాలావరకు ప్రాజెక్టుల్లో కనీసం 10 శాతం జీవవైవిధ్యం పెంచి చూపించాలి, దానివల్ల హాబిటాట్ సర్వే వచ్చినవాళ్లకి గిరాకీ ఉంది. మన పిల్లలు బోల్తా పడేది మొక్కల దగ్గర కాదు, డ్రైవింగ్ లైసెన్సు దగ్గర. సైట్లకి బస్సులుండవు. ముందు అది తెచ్చుకోండి.

జీతం గురించి దాచను. మొదట్లో, ఐటీలో చేరిన రూమ్మేట్ పే స్లిప్ చూస్తే ఏడుపొస్తుంది. ఇంట్లో పెళ్లి సంబంధాలవాళ్లకి ఏం ఉద్యోగమో చెప్పడం అంతకన్నా కష్టం, మా అమ్మ "పొల్యూషన్ ఆఫీసు"లో చేస్తుందని చెప్పేసింది. కానీ ఉచితంగా మాత్రం పనిచేయకండి. వాటర్‌బర్డ్ సెన్సస్ ఉచితం సరే, అందరికీ ఉచితమే. క్లయింట్ దగ్గర లక్షలు తీసుకుంటున్న సంస్థ మిమ్మల్ని ఆరు నెలలు 'ఇంటర్న్' అని తిప్పి బస్సు ఛార్జీలు కూడా ఇవ్వకపోతే అది ఎక్స్‌పీరియన్స్ కాదు, వెట్టి. కనీసం తిండి, బస, ప్రయాణం, ఇన్సూరెన్స్, రిపోర్టులో టీమ్ మెంబర్‌గా మీ పేరు. ఆ పేరు చాలా ముఖ్యం, రేపు నాబెట్‌కి దరఖాస్తు పెట్టేటప్పుడు ఏ ప్రాజెక్టులో ఏం చేశారో చూపించాల్సింది మీరే. నోటిమాటలు నమ్మకుండా ప్రాజెక్టు పేరు, తేదీలు, మీరు చేసిన పని రాసిన లెటర్ ఎప్పటికప్పుడు తీసుకోండి, ఉద్యోగం మానేశాక ఎవరూ ఫోన్ ఎత్తరు.

ఇక మెయిల్. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ ప్యాషనేట్ అబౌట్ నేచర్" అని మొదలయ్యే మెయిళ్లు నేను రెండో లైను చదవను, నాలాంటివాళ్లు ఎవరూ చదవరు. ఇలా రాయండి చాలు: మీరు ఏ ఊళ్లో ఉన్నారు, ఏ తేదీ నుంచి ఖాళీ, ఏ గుంపుని గుర్తుపట్టగలరు (పక్షులా, చెట్లా, గడ్డా, కప్పలా), ఏవి రావు. ఈబర్డ్ ప్రొఫైల్ లింకు, మీరు సొంతంగా చేసిన ఆ రెండు పేజీల ప్లాట్ రిపోర్టు. బండి నడపగలరా, తెలుగు కాకుండా ఇంకేం భాషలొచ్చు, ఎందుకంటే బళ్లారి సరిహద్దులో కన్నడ వస్తే మీదే పని. జనవరిలో పంపండి, మార్చి సీజన్‌కి మనుషుల్ని వెతుక్కునేది అప్పుడే. సబ్జెక్ట్ లైన్‌లో మీ జిల్లా పేరు పెట్టండి, దగ్గర్లో సర్వే పడితే ముందు ఆ పేరుతోనే వెతుకుతాం.